పోపు తగలని పలకలు

ఇంట్లోకి స్టీలు వస్తువంటూ వచ్చాక దాని మీద పేరు పడాల్సిందే. గంటి సువర్చల సంసార రాజ్యాంగంలో ఇది మొదటి నిబంధన. పేరు లేని గిన్నె పక్కింటి వ్రతానికి వెళ్ళిందంటే తిరిగొచ్చేది గిన్నో, గిన్నెలాంటి ఇంకేదో, చెప్పలేం. అందుకే గరిటె మొదలుకొని గంగాళం దాకా ఆ ఇంట్లో అన్నిటి మీదా "గం. సువర్చల" అని సన్నటి చుక్కల అక్షరాలు ఉంటాయి. భర్త ఫణీంద్ర మీద మాత్రమే లేవు. ఆయన స్టీలు కాకపోవడం ఒక్కటే కారణం.

విశాఖపట్నంలో, ఉప్పుగాలికి ఇనపగేట్లు మూడేళ్ళలో అప్పడాల్లా రాలిపోయే కాలనీలో వాళ్ళ క్వార్టర్సు. ఫణీంద్ర అక్కడి లోహాల ప్రయోగశాలలో పెద్ద శాస్త్రవేత్త. తడి అంటని, మురికి పట్టని, తనను తానే కడుక్కునే స్టీలు తయారుచెయ్యాలి. దానికి ఏ రసాయనమూ పూయకూడదు. ఇదీ ఆయన పంతం.

ఆ పంతం వెనక ఒక మనిషి ఉన్నాడు. ఫణీంద్ర అన్నగారు మురళీధరం. పెనాలకు దోసె అంటకుండా పూత జల్లే కార్ఖానాలో పదిహేనేళ్ళు పనిచేసి, ఆ పొగంతా ఊపిరితిత్తుల్లో దాచుకుని, చివరి రెండేళ్ళూ ఆక్సిజన్ సిలిండరు పక్కన కూర్చునే నిద్రపోవడం నేర్చుకున్నాడు. నలభై తొమ్మిదో ఏట ఒక పొద్దున్న లేవలేదు. అప్పట్నుంచి ఫణీంద్ర ఎదట ఎవరూ పూత అనే మాట ఎత్తకూడదు. "ఈ ఏడు మామిడి పూత బాగుందండీ" అని ఎవరైనా అన్నా సరే, ఆయన మొహం ఒక్క క్షణం మారేది.

రెండేళ్ళ కిందట ఒక రోజు జానెడు పొడుగూ జానెడు వెడల్పూ ఉన్న పలకను తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు.

"దీని మీద చారు పొయ్యి."

"వండినదాన్ని తినాలి గానీ పలకలకి అభిషేకం చేయడమేమిటండీ?"

"పొయ్యవోయ్ చెప్తాను."

సువర్చల ఓ గరిటెడు పోసింది. చారు పలకను ముట్టుకోనైనా లేదు. ఎర్రటి పూసలుగా విడిపోయి, బడిగంట కొట్టినప్పటి పిల్లల్లా బిలబిలమంటూ అంచు దాకా పరిగెత్తి దూకేసింది. పోతూ పోతూ గట్టు మీంచి పలకకి అంటిన శనగపిండి రేణువుల్ని కూడా వెంటబెట్టుకుపోయింది. పలక పొడిగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

"ఏం రాశారు దీనికి?"

"ఏమీ రాయలేదు. గీశాను." ఫణీంద్ర కళ్ళు మెరిశాయి. "లేజరుతో. కంటికి ఆనని కొండలూ లోయలూ చెక్కాను. నీటిబొట్టు ఆ కొండ కొనల మీద నిలబడుతుంది, లోయల్లో గాలి ఉంటుంది. కాలు మోపే చోటు దొరక్క దొర్లిపోతుంది. తామరాకు చేసే పని అదేగా? అయితే ఒకటి, అప్పుడే గీసిన పలక నీళ్ళని పీల్చేస్తుంది. మూడు వారాలు బీరువాలో ఊరికే పెట్టాలి. గడ్డిలో కాయ పండినట్టు పండుతుంది. లోహం తనంతట తనే మారుతుందోయ్. బయట్నుంచి దానికి ఏదీ అక్కర్లేదు."

సువర్చల కెమిస్ట్రీ బియస్సీ. ప్రపంచంలో ఏదీ తనంతట తను మారదని కాలేజీ మూడేళ్ళు చెప్పింది, పెళ్ళి మిగతా ఏళ్ళన్నీ చెప్పింది. కానీ బావగారు పోయాక ఆ మొహంలో అంత వెలుగు చూడ్డం అదే మొదలు. "బాగుందండీ" అని ఊరుకుంది. ఊరుకోకుండా ఒక పలక అడిగింది కూడా, స్టవ్వు వెనకాల గోడకి నూనె చిందకుండా అడ్డం పెట్టుకోవడానికి. అది ఇంటికి వచ్చిన వారానికే స్టీలు కొట్టుకి వెళ్ళొచ్చింది. వెనకవైపు, ఓ మూల, "గం. సువర్చల".

*

అసలు కథ ఆషాఢంలో పులిహోర దగ్గర మొదలైంది.

ప్రయోగశాల వాళ్ళ దగ్గర చిన్నచిన్న పరీక్షలకే సరంజామా ఉంది. వెయ్యిసార్లు కడిగి చూసే యంత్రం ఎక్కడో ఉత్తరాదిన పరీక్షా కేంద్రంలో మాత్రమే ఉంది. ఫణీంద్ర ఒక పలకను ఎంచి, వెనక పదిహేడో నంబరు స్టిక్కరు అంటించి, రైలెక్కడానికి ముందు ఇంటికి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి స్నానానికి వెళ్ళాడు. సువర్చల ఆయన ప్రయాణానికి పులిహోర పోపు వేస్తోంది. ఆవాలు ఒక్కసారిగా తుపాకిగుళ్ళలా లేచాయి. మూత కోసం చెయ్యి చాపింది. చేతికందిన మూత పదిహేడో నంబరు పలక.

తీసి చూస్తే మధ్యలో గుండ్రంగా గోధుమరంగు మచ్చ. కంగారులో, ఇల్లాళ్ళ చెయ్యి ఎటు పోతుందో అటే పోయింది. స్టీలు పీచు తీసుకుని రుద్దింది. మచ్చ పోయింది. దానితోపాటు కొండలూ లోయలూ కూడా పోయాయి. పీచు నడిచిన దారిలో నీటిబొట్టు జారకుండా, ఇల్లు ఖాళీ చెయ్యని అద్దె మనిషిలా కూర్చుంది.

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఇంకా ఆగలేదు. "నా పలకలన్నీ కవలపిల్లలోయ్, ఎవరెవరో నాకే తెలీదు" అని ఫణీంద్ర ఎన్నిసార్లు అనలేదు! కవలపిల్లల్లో ఎవరు రైలెక్కితే ఏం? స్టవ్వు వెనక పలకను మేకుల మీంచి తీసి సబ్బుతో తళతళలాడేట్టు కడిగింది. చాకును వేడినీళ్ళలో ముంచి స్టిక్కరు కొస లేపి, ఊడదీసి, దీని వెనక అంటించింది. సరిగ్గా తన పేరు మీద. పీచు గీతల పలకను అటక మీద ఇడ్లీ స్టాండు వెనక్కి నెట్టేసింది.

పదిహేడో నంబరు పలక వెయ్యి కడుగులూ నెగ్గి వచ్చింది. వెయ్యిన్నొకటోసారి నీళ్ళు పోసినా ముత్యాలే. పేపర్లో ఫోటో పడింది, పక్కన ఫణీంద్ర, చేతిలో పలక. "ఏ పూతా లేని లోహం" అని పెద్దక్షరాలు. సువర్చల ఆ పేపరు ముక్క కత్తిరించి పోపుల డబ్బా కింద పెట్టుకుంది. భర్త "మన పదిహేడు, మన పదిహేడు" అని మురిసినప్పుడల్లా తనకొక్కదానికే తెలిసిన నవ్వొకటి పెదవి కొసన దాచుకునేది. పేరు పడ్డ వస్తువు మరి, ఎక్కడికెళ్ళినా తిరిగి రావాల్సిందే.

ఎనిమిది నెలలు ఆ నవ్వు దాగింది.

*

ఫాల్గుణంలో ఒక గురువారం మధ్యాహ్నం నస్రీన్ వచ్చింది. ఫణీంద్ర దగ్గర అయిదేళ్ళుగా పరిశోధన చేస్తున్న పిల్ల. పని చేసేటప్పుడు లాబులో గోడగడియారం కూడా నెమ్మదిగా నడుస్తుందని ప్రతీతి. అంత శ్రద్ధ.

"సార్ లేరా ఆంటీ?"

"ఆసుపత్రికెళ్ళారు. సోమవారం ప్రారంభోత్సవం కదా, రిబ్బను పొడుగు సరిపోతుందో లేదో చూడ్డానికి. కూర్చో. మొహమేంటే అలా పీక్కుపోయింది?"

నస్రీన్ కూర్చుంది. సువర్చల ముందు చాటలో మునగాకు ఉంది. ఆ పిల్ల అలవాటుగా ఓ రెమ్మ అందుకుని దూయడం మొదలుపెట్టింది. నాలుగు రెమ్మలయ్యాక అసలు సంగతికొచ్చింది.

"కడుగుల పరీక్ష మళ్ళీ పెట్టానాంటీ. మెషినెలాగూ లేదు కదా అని నేనే ఓ మోటారు బిగించి చేశాను. ఆరు పలకలు. ఒక్కటి కూడా రెండొందలు దాటలేదు."

"పదిహేడు వెయ్యి దాటిందిగా."

"సారూ అదే అంటున్నారు. అది దాటి నీవి దాటలేదంటే దోషం నీ చేతిలో ఉందీ అన్నారు. నీళ్ళు మార్చాను. సబ్బు మార్చాను. నేను తప్ప అన్నీ మార్చేశాను. థీసిస్ మీద సంతకం పెట్టను, ముందు గిన్నెలు కడగడం నేర్చుకుని రా అన్నారాంటీ, అందరి ముందూ."

సువర్చల చేతిలో మునగరెమ్మ ఆగిపోయింది. "దాటకపోతే ఏమవుతుందే? మామూలు స్టీలైపోతుంది, అంతేగా?"

"మామూలు స్టీలైనా బతికిపోదుమాంటీ! కొండలూ లోయలూ ఎక్కడికీ పోవు కదా. ఇన్నాళ్ళూ గాలి ఉన్న లోయల్లోకి నీళ్ళు దిగుతాయి. దువ్వెన పళ్ళ మధ్య మురికి చూశారా? పైపైన కడిగితే పోతుందా? అలాగే. తడిలో పెరిగే క్రిములకి కట్టించి ఇచ్చిన ఇళ్ళవి."

సోమవారం ప్రారంభమయ్యేది పిల్లల ఆసుపత్రిలో వార్డు. నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ళది. చేతులు కడిగే తొట్లు, పాలగొట్టాలు పెట్టే పళ్ళేలు, పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెల్లో నీటి అరలు, అన్నీ ఈ స్టీలుతోనే చేశారు. ఇన్నాళ్ళూ వాటిని ఘాటైన మందునీళ్ళతో తుడిచేవారు. ఆ ఘాటు పసి ఊపిరితిత్తులకి మంచిది కాదు. సోమవారం నుంచి మందునీళ్ళు మానేసి ఉత్త నీళ్ళతో కడిగితే చాలునని ఒప్పందం. ఫణీంద్ర అన్నిటికన్నా ముందు ఈ వార్డునే ఎంచుకోవడానికి కారణం సువర్చలకి తెలుసు.

"రోజుకి ఎన్నిసార్లు కడుగుతారు?"

"పదిసార్లు."

"ఇరవై రోజులు," అంది సువర్చల. తనకే చెప్పుకున్నట్టుంది.

"ఆ పిల్లలు కిలో, కిలోంపావు ఉంటారాంటీ. నేను చూశాను. నా అరచెయ్యంత." నస్రీన్ చున్నీ కొసతో కళ్ళు తుడుచుకుంది. "సోమవారం సార్ పదిహేడు మీద నీళ్ళు పోసి చూపిస్తారట. దాన్ని వార్డు గుమ్మంలో అద్దాలపెట్టెలో పెట్టారు, దేవుణ్ణి పెట్టినట్టు."

సువర్చల స్టవ్వు వైపు చూసింది. గోడకి రెండు మేకులు అలాగే ఉన్నాయి. వాటి కింద ఒకప్పుడు పలక కాసిన చోట టైల్సు కూడా ఎనిమిది నెలల్లో జిడ్డుపట్టి పసుపురంగుకు తిరిగాయి.

"మీ పలకలు పండబెట్టే బీరువా ఉంటుంది చూడు, అందులో ఏం వాసనొస్తుంది?"

"ఏ వాసనా రాదాంటీ. లోపలికొచ్చే గాలి కూడా వడకట్టే వస్తుంది. ఎందుకు?"

"ఊరికే."

చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది.  ఆ పిల్లకి కాఫీ ఇచ్చింది, డబ్బాలో జంతికలు కట్టి ఇచ్చింది, గేటు దాకా వెళ్ళి సాగనంపింది. చెయ్యాల్సిన ఒక్క పని మాత్రం చెయ్యలేదు.

*

శుక్రవారం భర్త ఆఫీసుకి వెళ్ళగానే అటకెక్కి ఇడ్లీ స్టాండు వెనకనుంచి పలకను దించింది. అసలు సిసలు పదిహేడు అదే. పీచు తగలని సగం ఇంకా తామరాకులాగే ఉంది. ఆ సగాన్నే లెక్కలోకి తీసుకోవాలి అనుకుంది, బియస్సీ చదివిన బుర్ర కదా.

సింకు దగ్గర ఒక పక్క చింతగింజల గిన్నె, ఇంకో పక్క ఖాళీ గిన్నె. ఒక కడుగుకి ఒక గింజ. సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ, మంచినీళ్ళు, ఒక బొట్టు వేసి చూడడం. గింజ అటు. మళ్ళీ మొదలు. అరవై దాటేసరికి నడుం పట్టేసింది. నూటపాతిక దగ్గర అన్నం ఉడికిందో లేదో చూసొచ్చింది. ఆ పలక వెయ్యి దాటాలని ఆవిడ ముక్కోటి దేవతలకీ మొక్కుకుంది. దాటితే నస్రీన్ చెయ్యే తప్పు, తన చెయ్యి కాదు. అలాంటి మొక్కు మొక్కుతున్నందుకు నూటయాభయ్యో గింజ దగ్గర సిగ్గుపడింది.

నూటడెబ్భై ఆరు. బొట్టు జారే ముందు తటపటాయించింది.

నూటతొంభై ఒకటి. బొట్టు చతికిలబడి, వెడల్పై, నేలలో ఇంకినట్టు పరుచుకుంది. చూపుడువేలితో అద్దితే వేలు తడయింది.

సువర్చల స్టూలు లాక్కుని కూర్చుంది. ఎదురుగా చిలక్కొయ్యకి అత్తగారిచ్చిన ఇనప దోసెల పెనం వేలాడుతోంది. దాని మీద పేరు లేదు. నలభై ఏళ్ళ నలుపులో పేరెక్కడ వేస్తారు? కొత్త పెనం మీద దోసె లేవదు. నూనె రాసి, కాల్చి, మళ్ళీ రాసి, మళ్ళీ కాల్చి, పెనానికి వాడుక పట్టాకే దోసె తనంతట తను లేస్తుంది.

తనంతట తను!

ఏడాది పాటు రోజుకి మూడు పోపుల చొప్పున ఆ స్టవ్వు వెనక పలక పీల్చింది నూనె ఆవిరి. ప్రతి లోయలోనూ, ప్రతి కొండ కొసనా, చూపుకి ఆననంత పల్చగా చేరి, మంట వేడికి కాలి, కరుచుకుపోయింది. వెయ్యి కడుగులు నెగ్గింది లేజరు ఒక్కటే కాదు. లేజరూ, నువ్వులనూనే, వేరుశనగనూనే, అప్పుడప్పుడూ కాస్త ఇంగువా. బీరువాలోని కవలలకి ఈ తిండి లేదు. కాస్త గాలి మేసి పండినట్టు కనిపించాయి అంతే.

*

"ఏమండీ, ఒక్క నిమిషం."

సాయంత్రం ఫణీంద్ర కొత్త చొక్కా తొడుక్కుని అద్దం ముందు సోమవారం ఉపన్యాసం చెప్పుకుంటున్నాడు. సువర్చల పలకను మంచం మీద పెట్టి చెంచాడు నీళ్ళు పోసింది. నీళ్ళు పరుచుకున్నాయి.

"ఏమిటిది? ఎక్కడిదీ?"

"పదిహేడు."

చెప్పింది. పులిహోర, మూత, పీచు, చాకు, స్టిక్కరు, మేకులు, చింతగింజలు, ఇరవై రోజుల లెక్క. ఏదీ దాచలేదు. ఏదీ తీపి చెయ్యలేదు. ఫణీంద్ర ముందు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. తర్వాత మంచం పట్టెని పట్టుకుని కూర్చున్నాడు.

"నా పాతికేళ్ళూ నీ పోపులో కలిపేశావన్నమాట."

"కలిసిందని తెలిసేసరికి ఆలస్యమైంది."

"అంటే నేను చేసింది కూడా పూతే అంటావా? నూనె పూత? అన్నయ్య ఫోటో ముందు నిలబడి..." మాట తెగిపోయింది. గోడ వైపు తిరిగాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు వేరుగా ఉంది, ఆఫీసు గొంతు. "సరే. విను. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. ఇరవై రోజులు పనిచేస్తాయన్నావుగా. సోమవారం గడవనీ. తర్వాత ఏదో వంక చెప్పి ఒక్కొక్కటీ వెనక్కి తెప్పిస్తాను. ఎవరికీ నష్టం లేదు."

"ఆలోగా ఒక తొట్టి పద్ధెనిమిదో రోజునే పాడైతే?"

"సోమవారం తర్వాత చూద్దాం అంటున్నానా!"

సువర్చల పలక మీది నీళ్ళు కొంగుతో తుడిచింది. తుడిచినా తడి పోలేదు, లోయల్లోకి దిగిపోయింది.

"బావగారు పీల్చే పొగలో ఏముందో ఆ కార్ఖానాలో తెలిసినవాళ్ళు నలుగురున్నారని మీరే చెప్పారు. ఆ నలుగురూ కూడా సోమవారం తర్వాత చూద్దామనే అనుకునుంటారు."

ఫణీంద్ర లేచి బయటికి వెళ్ళిపోయాడు. చొక్కా గుండీలు సగమే పెట్టుకున్నాడన్న సంగతి కూడా చూసుకోలేదు.

శనివారం మాట్లాడలేదు. ఆదివారం మాట్లాడలేదు. ఫోన్లు వచ్చాయి, "అంతా సిద్ధమే సార్" అన్నాడు. సువర్చల ప్రతి ఫోనుకీ చెవొగ్గింది. ఆగండి అనే మాట కోసం. అది రాలేదు. ఆదివారం మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, "మీరు చెప్పకపోతే నేను చెప్తానండీ. స్టిక్కరు కింద నా పేరుంది," అంది. ఆయన తలెత్తలేదు. చారు మాత్రం రెండోసారి పోయించుకోలేదు.

*

సోమవారం పొద్దున్న పదింటికి సువర్చల వంగపండు రంగు పట్టుచీర కట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. హ్యాండ్‌బ్యాగులో చాకు. చేతిలో ఫ్లాస్కు. కాఫీ తెచ్చుకుందని అందరూ అనుకున్నారు.

వార్డు గుమ్మంలో పూలదండలు, కెమెరాలు, డైరెక్టరు గారు. ఒక వారగా హెడ్ నర్సు ఎస్తేరురాణి నిలబడి ఉంది. పొట్టిమనిషి. మందునీళ్ళకి వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆమె కాళ్ళ దగ్గర నీలం బకెట్టు. గాజు తలుపు వెనక పద్నాలుగు పెట్టెలు, పద్నాలుగు చిన్న దీపాలు. ఒక్కో పెట్టెలో గుప్పెడు ప్రాణం, ఎగిరెగిరి పడుతున్న పొట్ట.

"ఇదే ఆఖరి బకెట్టు మేడం," అంది ఎస్తేరురాణి సువర్చలతో. "ఈ ఘాటు పోతే నాకు క్రిస్మసే. ఆ పిల్లలు తుమ్ముతుంటే పేణం పోతది."

ఒక మూల నస్రీన్. అందరూ ముందుకి రమ్మంటున్నా రావడం లేదు.

డైరెక్టరు నాలుగు ముక్కలు మాట్లాడాడు. ఫణీంద్ర అద్దాలపెట్టె తెరిచి పలకను బయటికి తీశాడు. గ్లాసుడు నీళ్ళు పోశాడు. ముత్యాలు! పరుగో పరుగు. చప్పట్లు. ఎవరో "మళ్ళీ సార్, ఇటు తిరిగి" అన్నారు. మళ్ళీ పోశాడు. మళ్ళీ చప్పట్లు.

"ఇంకేం సిస్టర్," అన్నాడు డైరెక్టరు, "మందునీళ్ళకి సెలవు!"

ఆయా వచ్చి బకెట్టు ఎత్తింది. ఒక అడుగు వేసింది. రెండు. సువర్చల భర్త మొహం చూసింది. పలకను గుండెలకు పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు ఆయా చేతిలోని బకెట్టు మీద ఉన్నాయి. నోరు తెరుచుకోలేదు. మూడు అడుగులు. ఇక లాభం లేదని సువర్చల బ్యాగు జిప్పు లాగింది. చప్పట్లు ఆగిన ఆ క్షణంలో జిప్పు చప్పుడు చీర చిరిగినట్టు వినిపించింది.

ఫణీంద్ర తల తిప్పాడు. చాకు చూశాడు. ఫ్లాస్కు చూశాడు.

"వేడినీళ్ళేనా?" అన్నాడు, మూడు రోజుల తర్వాత మొదటి మాట.

"వేడినీళ్ళే."

చెయ్యి చాపాడు. ఆవిడ ఇచ్చింది.

అందరూ చూస్తుండగా పలకను బోర్లా తిప్పి, వేడినీళ్ళు పోసి, చాకు కొసతో స్టిక్కరు లేపాడు. పని శుభ్రంగానే చేశాడు. కెమెరాల వాళ్ళు ఇది కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని దగ్గరికి జరిగారు.

"గం. సువర్చల," అని చదివాడు. "మా ఆవిడ. ఈ పలక మా వంటింట్లో ఏడాదిపాటు పొయ్యి వెనక ఉంది. పరీక్ష నెగ్గింది ఇది. లోపల బిగించినవి ఇలాంటివి కావు, అవి రెండొందల కడుగులు కూడా ఆగవు. ఆగిపోయాక మామూలు స్టీలు కన్నా ప్రమాదం. ఈ సంగతి నాకు శుక్రవారమే తెలుసు." ఆగి, మూలకి చూశాడు. "ఆ అమ్మాయికి నెల కిందటే తెలుసు. ఆరు పలకలు కడిగి చెప్పింది. గిన్నెలు కడగడం నేర్చుకోమన్నాను. నేర్చుకోవాల్సింది నేను."

నస్రీన్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఫణీంద్రగారూ, ఇదేం పరాచికం?" డైరెక్టరు మొహం ఎర్రబడింది. "ఆ కెమెరాలు ఆపండయ్యా ముందు!"

ఎస్తేరురాణికి లేజర్లూ లోయలూ అక్కర్లేకపోయాయి. ఆమెకి కావలసిన ఒక్క ముక్కా అందింది. గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆయాకి కేక పెట్టింది.

"ఒలే పైడితల్లీ! ఆ బకెట్టు ఇటు తే!"

బకెట్టు వెనక్కి వచ్చింది. గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. ఘాటు గుప్పుమంది. పద్నాలుగింటిలో ఏదో ఒక పెట్టెలోంచి పిల్లిపిల్లలాంటి తుమ్ము వినిపించింది. ఆ తుమ్ము వినగానే ఫణీంద్ర కళ్ళు మూసుకున్నాడు. ఆ ఘాటు పోగొడతానన్నవాడే దాన్ని వెనక్కి పిలిపించాడు.

*

గంట లోపలే తేలిపోయింది. ఒప్పందం రద్దు. విచారణ అయ్యేదాకా ఫణీంద్ర ప్రయోగశాల గుమ్మం తొక్కకూడదు. వార్డులో కొత్త స్టీలంతా ఊడదీసి పాత తొట్లు పెట్టేస్తారు. నస్రీన్ ఆ పని దగ్గరుండి చేయిస్తానని ఉండిపోయింది. తీసుకొచ్చిన కారు ఎటు పోయిందో పోయింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆటో ఎక్కారు.

బీచి రోడ్డు మీద ఉప్పుగాలి కొడుతోంది. ఫణీంద్ర ఒళ్ళో పలక ఉంది. సాక్ష్యం కదా అని డైరెక్టరు అడిగితే, ఇది ప్రయోగశాల సొత్తు కాదు, పేరు చూసుకోండి అని చెప్పి తెచ్చుకున్నాడు. చాలాసేపు ఆ చుక్కల అక్షరాల్ని వేలితో తడుముతూ కూర్చున్నాడు.

"అన్నయ్య ఉంటే ఏమనేవాడో," అన్నాడు.

"ముందు బకెట్టు లోపలికి పంపించి, తర్వాతే ఏదైనా అనేవారు."

సిగ్నలు దగ్గర ఆటో ఆగింది. ఫణీంద్ర జేబులోంచి పెన్నూ, ఉపన్యాసం రాసుకున్న కాగితమూ తీశాడు. కాగితం వెనక్కి తిప్పాడు.

"రోజుకి మూడు పోపులన్నావు. వాటిలో ఏమేం వేస్తావు?"

సువర్చల ఆయన వైపు తిరిగింది.

"ఇరవై ఏడేళ్ళుగా తింటున్నారు. ఇవాళా అడగడం?"

ఆయన పెన్ను మూత తీసి పట్టుకున్నాడు, బడిలో మొదటిరోజు పిల్లాడిలా. ఆటో కదిలింది. ఆవిడ కొంగు సర్దుకుంది.

"రాసుకోండి," అంది. "ముందు నూనె కాగాలి."